ఒక పాదం వాళ్లది... మిగతా మూడూ మనవి!

పొద్దున లేచి ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు... పూలబొమ్మ మీద ఓ సూక్తి! మధ్యాహ్నానికి ఇంకొకటి. రాత్రి పడుకోబోయే ముందు మరొకటి. కింద ఎవరో మహాకవి పేరుంటుంది. ఆ మాట నిజంగా ఆయనదో కాదో ఎవరూ చూడరు. చదువుతాం. 'ఎంత బాగా చెప్పారో' అనుకుంటాం. మరో పదిమందికి పంపేసి వంటింట్లోకి వెళ్లిపోతాం. ఆ మాట మన చేతుల మీదుగా వెళ్లింది తప్ప మన మనసులోకి రాలేదు.

అలా కాకుండా, మనం ప్రాణంగా అభిమానించే ఒక రచయిత్రి పుస్తకంలోంచి ఒకే ఒక్క వాక్యం తీసుకుని, నలుగురు అభిమానులు ఒకచోట కూర్చుని, 'దీనికి నా జవాబేమిటి?' అని ఎవరికి వాళ్లు ఒక పేజీ రాస్తే? ప్రపంచంలో చాలాచోట్ల పాఠకుల బృందాలు ఈ పని చేస్తున్నాయి. ఇదేదో పైనుంచి వచ్చిన వింత అనుకోనక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వాళ్లకి ఇది ఇంటి విద్యే! కాకపోతే ఆ విద్య ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఉంది, ఎవరి చేతికి అందలేదు అన్నదే ఇప్పుడు మనం ఆలోచించుకోవాల్సిన సంగతి.

సభలో పుట్టిన విద్య

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డకి ముఖ్యపట్టణం గద్వాల. నిజాం ఏలుబడి కింద ఉన్న సంస్థానం. పండితుల్ని ఆదరించడంలో దానికున్న ఖ్యాతి వల్ల 'విద్వద్గద్వాల' అన్న పేరే స్థిరపడిపోయింది. కార్తీక, మాఘ మాసాల్లో అక్కడ సాహిత్య సభలు జరిగేవి. ఎక్కడెక్కడి కవులో మూటాముల్లె సర్దుకుని వచ్చేవారు. అవధాన విద్యని ఊరూరా తిప్పిన తిరుపతి వేంకట కవులు గద్వాలకీ వచ్చారు, ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉన్న ఆత్మకూరుకీ వచ్చారు.

అవధానంలో 'సమస్య' అనే అంశం మీకు తెలిసే ఉంటుంది. పృచ్ఛకుడు పద్యంలో ఒక్క పాదం ఇస్తాడు. పైకి అది అసంభవంగానో, అసభ్యంగానో, తెలివితక్కువగానో కనిపిస్తుంది. మిగతా మూడు పాదాలూ కవి చెప్పాలి. చెప్పడం పూర్తయ్యేసరికి ఆ పిచ్చి మాటకి చక్కటి అర్థం వచ్చి కూర్చోవాలి. ఏనుగుల మంద వెళ్లి దోమ గొంతులో దూరిందని పాదం ఇస్తే, తెనాలి రామకృష్ణుడు దాన్ని పాండవులు విరాటరాజు కొలువులో చేరిన కథకి ముడిపెట్టి నెగ్గాడని చిన్నప్పుడు మనమంతా విన్నదే. 'దత్తపది' అని ఇంకొకటుంది. అందులో నాలుగు మాటలిచ్చి, వాటిని ఇరికించి పద్యం చెప్పమంటారు.

అంటే ఏమిటి? ఇంకొకరి మాట నీ చేతిలో పెడతారు. దాన్ని మార్చడానికి వీల్లేదు. కానీ దాని చుట్టూ కట్టే ఇల్లు మాత్రం పూర్తిగా నీది!

ఇక నాగర్‌కర్నూలు వైపు చూద్దాం. కొల్లాపురం రాజధానిగా జటప్రోలు సంస్థానం ఉండేది అక్కడే. ఆ సురభి ప్రభువుల్ని ఆశ్రయించిన ఎలకూచి బాలసరస్వతి, భర్తృహరి సంస్కృత సుభాషితాలని తెలుగు పద్యాలుగా మార్చి 'మల్లభూపాలీయం' అని పేరు పెట్టాడు. తర్వాతి కాలంలో అవే సుభాషితాలని ఏనుగు లక్ష్మణకవి, పుష్పగిరి తిమ్మన మళ్లీ తెలుగు చేశారు. మూలం ఒకటే. ముగ్గురి పద్యాలూ మూడు రకాలు. ఒకరి మాట ఇంకొకరి నోట్లో ఎన్నిసార్లు కొత్తగా పుట్టొచ్చో దీన్నిబట్టే అర్థమవుతోంది కదూ!

ఒక్క మాట గుచ్చుకుంటే...

వీటన్నిటికంటే గొప్ప సమస్యాపూరణం 1934లో జరిగింది. అది పద్యపాదం కాదు, ఒక ఎత్తిపొడుపు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులన్నవాళ్లే లేరన్నట్టుగా ఒక పండితుడు రాశాడు. 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడు ఆయన సొంతూరు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకి ఎన్నికైందీ ఆయనే. ఆ ఎత్తిపొడుపుకి ఆయన తిట్లతో జవాబు చెప్పలేదు. తెలంగాణ మూలమూలల నుంచీ పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. ఒక్క వాక్యానికి 354 మంది జవాబు!

ప్రతాపరెడ్డిగారు మరో పని కూడా చేశారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాస్తున్నప్పుడు రాజుల యుద్ధాల జోలికి పోకుండా, పాత కావ్యాల్లో ఎక్కడో ఒక మూలనున్న పాదాలు పట్టుకున్నారు. వాటిల్లోంచి మన పూర్వీకులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడుకున్నారు అన్నది బయటికి లాగారు. సాహిత్య అకాడమీ అవార్డు 1955లో తెలుగుకి మొట్టమొదటిసారి వచ్చింది ఆ పుస్తకానికే. ఒక్క పాదంలోంచి బతుకంతా చూడొచ్చని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రాజు పోషించని సభ

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఈ కథలో ఆడవాళ్లెక్కడ?

గద్వాలని చివరగా ఏలింది ఒక స్త్రీయే. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. 1924 నుంచి సంస్థానం విలీనమయ్యే దాకా ఆమె కవుల్నీ పండితుల్నీ ఆదరించారు. గద్వాల కోటలో నడుస్తున్న డిగ్రీ కాలేజీ ఆమె పేరు మీదే ఉంది. పోషించిన చెయ్యి ఆడదే అయినా, ఆ సభల్లో పద్యం చెప్పినవాళ్లుగా మనకి వినిపించే పేర్లు దాదాపు అన్నీ మగవాళ్లవే!

అలాగని ఆడవాళ్లు ఊరుకున్నారా? లేదు. వాళ్ల సభ వేరేచోట జరిగింది. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. ఒకామె పాట ఎత్తుకుంటుంది. పాదం చివర 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో మిగతావాళ్లు అందుకుంటారు. ఆ ఆఖరి మాట అందరిదీ. ముందున్నది మాత్రం ఎత్తుకున్న మనిషిది. అందులో పుట్టిల్లు వస్తుంది, అత్తిల్లు వస్తుంది, ఆ ఏడు పడని వాన వస్తుంది, వలస పోయిన మొగుడూ వస్తాడు. ఇది సమస్యాపూరణం కాదా? కాకపోతే శాలువా ఉండదు, వార్షికమూ ఉండదు!

రామాయణం సంగతీ అంతే. వాల్మీకి ఊర్మిళ గురించి చెప్పింది చాలా కొద్ది. మన తెలుగు ఆడవాళ్లు ఆ కొద్దిని పట్టుకున్నారు. మొగుడు అడవికి పోతే ఆ పిల్ల పద్నాలుగేళ్లు ఏం చేసి ఉంటుంది అని అడిగారు. అందులోంచి 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాట పుట్టింది. తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి ఆమె వెంటనే గుర్తుపట్టకపోవడం, పరాయి మగాడనుకుని మందలించడం... ఇదంతా ఆడవాళ్ల కల్పనే. ఇప్పుడు అభిమానులు తమకి నచ్చిన నవలకో సీరియల్‌కో సొంతంగా కొనసాగింపు రాస్తే కొత్త పోకడ అంటున్నాం. 1967లో అమెరికాలో 'స్టార్ ట్రెక్' టీవీ సీరియల్ అభిమానులు 'స్పాకనాలియా' అని సొంత పత్రికే పెట్టారు. ఆ తరహా పత్రికల్లో రాసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మన అమ్మమ్మల అమ్మమ్మలు ఆ పని రోకలి పాటల మధ్య చేసేశారు. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న ఓల్గా 'విముక్త' కథల్లో సీత శూర్పణఖనీ, అహల్యనీ, ఊర్మిళనీ కలుసుకుంటుంది. అదీ ఈ దారిలోదే.

ఒక్కటే తేడా. 'గోలకొండ కవుల సంచిక'లో పద్యం పక్కన కవి పేరుంది. ఊర్మిళ పాట కట్టిన తల్లి పేరు మాత్రం ఎవరికీ తెలీదు.

'విద్వత్' ఊరు... సంతకం రాని చేతులు

2024లో తెలంగాణ ప్రభుత్వం తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టాలని నిర్ణయించింది. నడిగడ్డ వాళ్లందరికీ అది గర్వకారణమే. అయితే అదే నడిగడ్డ గురించి ఇంకో లెక్క ఉంది. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లాని విడగొట్టి కొత్త జిల్లాలు చేశాక, 2011 జనాభా లెక్కల్ని వాటి ప్రకారం సర్ది చూస్తే, జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. తెలంగాణ మొత్తంలో అదే అట్టడుగు. ఆడవాళ్ల లెక్క అంతకంటే తక్కువ. నాగర్‌కర్నూలు, వనపర్తి కాస్త పైనున్నా మురిసిపోవాల్సినంత ఏమీ లేదు.

విద్వద్గద్వాలలో సగంమందికి చదువు లేదంటే తప్పు ఎక్కడుంది? సభ కోటలో జరిగింది. బడి ఊళ్లోకి రాలేదు. వచ్చిన బడికి కూడా ఆడపిల్ల సరిగ్గా పోలేకపోయింది. సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని మొదలైతే పూలు దులిపేది చిన్న వేళ్లే. ఆ నెలల్లో హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్ల ఎదురుగా సున్నాలు పడడం ఆ ప్రాంతపు టీచర్లకి కొత్త కాదు. వయసు మళ్లినవాళ్లు బొంబాయి, పుణె వలసల్లో బతుకు వెళ్లదీసినవాళ్లు. అలాంటి చోట 'రచన' అంటే నవ్వొస్తుందేమో!

నవ్వు రానక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటని గుర్తు చేసుకోండి. 1990 తర్వాత అక్షరదీపం తరగతుల్లో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లకి వాచకంలో 'సీతమ్మ కథ' అని ఓ పాఠం వచ్చింది. తాగుబోతు మొగుడి కథ. దాన్ని చదివిన ఆడవాళ్లు 'ఇది మన కథే' అన్నారు. సీతమ్మ కథ పక్కన పెట్టి తమ కథలు చెప్పుకోవడం మొదలెట్టారు. ఆ కబుర్లు కాస్తా సారా వ్యతిరేక ఉద్యమమై, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందయ్యేదాకా పోయింది. ఒక చిన్న పాఠం చదివి, దానికి తమ బతుకులోంచి జవాబు చెప్పడం... సరిగ్గా మనం మాట్లాడుకుంటున్నది ఇదే! కొత్తగా చదువు నేర్చినవాళ్లకి తెల్లకాగితం ఇస్తే భయపడతారు. ఒక్క వాక్యం ఇస్తే మాట్లాడతారు.

పాదం ఇస్తున్నది ఎవరు?

ఇక్కడ ఒక మెలిక ఉంది. సమస్య అనేది ఎప్పుడూ అమాయకమైనది కాదు. పాత సమస్యల్లో ఆడదాని శీలం మీదో, వయసు మీదో, నోటి మీదో చులకనగా విసిరిన పాదాలు తక్కువేం కాదు. కవి గడుసుగా అర్థం తిప్పి సభ చేత చప్పట్లు కొట్టించుకుంటాడు. కానీ నవ్వు ఎవరి మీద మొదలైంది? పాదం ఇచ్చేవాడు ఎవరైతే, పద్యం ఏ దిక్కుకి పోవాలో సగం వాడే నిర్ణయిస్తాడు.

ఇప్పుడు అవధాన సభల్లో ఆడవాళ్లు పృచ్ఛకులుగా కూర్చుంటున్నారు. బులుసు అపర్ణ లాంటివారు అవధానిగా శతావధానం దాకా వెళ్లారు. సంతోషమే. అయితే ఛందస్సు రాని మనలాంటి లక్షలమంది సంగతేమిటి? మనకి గణాలు అక్కర్లేదు. మనం అడగాల్సింది ఒక్కటే. 'ఏ మాటకి నేను జవాబు చెప్పాలనుకుంటున్నాను?'

ఉదాహరణకి 'ఇల్లు చూసి ఇల్లాలిని చూడు' అన్న సామెత తీసుకోండి. అందరూ అనేదే. దాన్ని కాగితం పైన రాసి, కింద ఇల్లే మాట్లాడుతున్నట్టు రాయమనండి. పొయ్యి అలికింది ఎవరు, అర్ధరాత్రి నీళ్లు పట్టింది ఎవరు, పండగపూట జ్వరంతో లేచింది ఎవరు... ఇల్లు చూస్తూనే ఉంది కదా! 'ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు' అన్న మాట తీసుకుంటే, 'మరి నా ఈడ ఏది?' అని ఏ కోడలైనా రెండు పేజీలు రాయగలదు. ఊరూపేరూ లేని సామెతే ఇంత పని చేస్తే, మనం అభిమానించే రచయిత్రి వాక్యం ఇంకెంత చేస్తుంది?

నలుగురు కూర్చుంటే చాలు

ఈ పనికి హాలు అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. గ్రంథాలయంలో ఓ మూల, పొదుపు సంఘం మీటింగయ్యాక ఓ అరగంట, కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఆదివారం సాయంత్రం... ఎక్కడైనా సరే. కొన్ని సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి.

వాక్యం ఎంచుకోవడంలోనే సగం విజయం ఉంది. నీతి చెప్పే వాక్యం తీసుకోకండి. నీతి వాక్యానికి 'అవును నిజమే' అనడం తప్ప ఇంకేం మిగలదు. సగంలో ఆగినట్టున్నదీ, కోపం తెప్పించేదీ, ఎవరో తలుపు తీసి వెళ్లిపోయినట్టనిపించేదీ తీసుకోండి. దాన్ని రెండుసార్లు పైకి చదవండి. అర్థం విడమర్చకండి. మీరు అర్థం చెప్పేస్తే అందరూ అదే రాస్తారు.

తర్వాత పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మొదటి మాట తమ ఇంట్లోంచి, తమ చేనులోంచి, తమ వీధిలోంచి రావాలి. అక్షరదోషాలు ఎంచొద్దు. యాస దిద్దొద్దు. 'వస్తుంది' అని రాసినా 'వస్తది' అని రాసినా రెండూ తెలుగే.

'నాకేం రాయొస్తది అక్కా?' అని ఎవరైనా వెనక్కి జరిగితే, 'నువ్వు చెప్పు చెల్లె, నేను రాస్త' అనండి. చెప్పినామె పేరే కింద పెట్టండి. రాసిన చెయ్యి ఎవరిదైనా రచన ఆమెదే.

ఆఖరుగా ఒక పరీక్ష. అంతా అయ్యాక, మొదట పెట్టుకున్న వాక్యాన్ని తీసేసి చదివి చూడండి. రాసింది దానంతటది నిలబడితే మీరు రచయిత్రి అయినట్టే. పడిపోతే దిగులేం లేదు, వచ్చే వారం ఇంకో వాక్యం ఉంది.

ఎంగిలి కాదా అంటే...

'ఇంకొకరి మాట పట్టుకుని రాయడమేమిటి, ఎంగిలి కదా?' అనేవాళ్లుంటారు. నిజమే, ప్రమాదం లేకపోలేదు. అభిమానం ముదిరితే అనుకరణ అవుతుంది. మనకి నచ్చిన నవలారచయిత్రి వాక్యంతో మొదలుపెట్టి ఆవిడ హీరోతోనే ముగిస్తే, మనం చేసింది నకలు తప్ప రచన కాదు. పోటీలూ బహుమతులూ పెడితే ఇంకో ప్రమాదం... న్యాయనిర్ణేతకి ఏది నచ్చుతుందో అదే అందరూ రాస్తారు. పూర్వం రాజుగారి ముందు జరిగిందీ అదేగా!

అయితే గద్వాల చీరని చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేర్వేరు. పోగుకి పోగు కలిపి నేయబట్టే ఒక్క చీర అయింది. ఆ అతుకుని దాచరు, అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. పట్టు ఎక్కడిదో నూలు ఎక్కడిదో చూసేవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది. మనం చేయాల్సిందీ అంతే. తీసుకున్న వాక్యం కింద రచయిత పేరు, పుస్తకం పేరు రాయాలి. ఫోన్లో వచ్చిన ఊరూపేరూ లేని సూక్తి కాకుండా, పుస్తకం తెరిచి చూసి రాసుకున్న వాక్యం కావాలి. దానివల్ల ఇంకో మేలుంది, పుస్తకం చేతిలోకి వస్తుంది!

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల వరకూ హక్కులు వారసులవే. ప్రతాపరెడ్డిగారు 1953లో కన్నుమూశారు కాబట్టి 2014 నుంచి ఆయన రచనలు అందరివీ. 1979లో పోయిన చలం రచనలపై 2039 చివరిదాకా హక్కులుంటాయి. విమర్శ కోసమో పరిచయం కోసమో ఒకటి రెండు వాక్యాలు పేరుతో సహా ఉదహరించడం వేరు. కవిత మొత్తం తీసుకెళ్లి మన సంకలనంలో అచ్చేసుకోవడం వేరు. రెండోదానికి అనుమతి కావాలి.

పేరు రాయడం మరవకండి

వయోజనుల చదువు కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన ఉల్లాస్ కార్యక్రమం 2027 దాకా అని చెప్పారు. అక్షరాలు నేర్పడం వరకూ సర్కారు చూసుకుంటుందనుకుందాం. నేర్చిన అక్షరంతో ఏం చేయాలన్నది ఎవరు చూపిస్తారు? బ్యాంకు కాగితం మీద వేలిముద్రకి బదులు సంతకం పెట్టడంతోనే ఆ చదువు ఆగిపోవాలా?

సమస్య ఇచ్చిన పండితులు పోయారు. సభలు పెట్టిన సంస్థానాలూ పోయాయి. బతుకమ్మ మాత్రం ఏటా వస్తూనే ఉంది. ఈసారి ఆడి వచ్చాక, ఆ రోజు అక్కడికక్కడ కట్టిన నాలుగు పాదాలూ మర్చిపోకముందే ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. పాట ఎత్తుకున్నామె పేరు, ఊరు, తేదీ పక్కనే వేయండి.

'నిజాం రాష్ట్రంలో కవులున్నారా?' అన్నప్పుడు 354 పేర్లు జవాబిచ్చాయి. 'నడిగడ్డలో, నల్లమల అంచున రాసే ఆడవాళ్లున్నారా?' అని రేపెవరైనా అడిగితే, చూపించడానికి మన దగ్గర పేర్లుండాలి కదా!